పోటు గీత మీద జెర్రి

(అమలాపురంలో విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలు కాస్త ముందుకి రండమ్మా, బోర్డు మీద గీసే బొమ్మలు అంత దూరానికి ఆనవు.

అంతర్వేదిలో గానీ ఓడలరేవులో గానీ సముద్రం దగ్గరికి వెళ్ళినప్పుడు మీరందరూ ఒక గీత దాటే ఉంటారు. సరుగుడు తోట అయిపోయాక కాలు దిగబడే పొడి ఇసుక వస్తుంది. అది దాటితే కాలికి గట్టిగా తగిలే తడి ఇసుక. ఆ రెండింటి మధ్యా పోటు వచ్చి వదిలేసి పోయిన చెత్త వరస ఒకటి ఒడ్డు పొడుగునా ఉంటుంది. కొబ్బరి డొక్కలు, తాటి బుర్రలు, గోదావరి తోసుకొచ్చిన గుర్రపుడెక్క, మడ ఆకులు, సరుగుడు పుల్లలు, తెగిన వల ముక్క, చచ్చిన పీత. మనం ఒక అంగ వేసి దాన్ని దాటేసి నీళ్ళ దగ్గరికి పోతాం. ఇవాళ మిమ్మల్ని ఆ గీత దగ్గరే ఆపాలని వచ్చాను. నాకు చాలా ఇష్టమైన చోటు అది. నేలకీ నీళ్ళకీ మధ్య సరిహద్దు అని అందరూ అంటారు గానీ, అక్కడే కాపురం ఉండే జీవాలకి అది సరిహద్దు కాదు, ఊరు.

ఆ ఊళ్ళో ఉండే జెర్రి ఒకదాని గురించి చెబుతాను. అది మన తీరంలోది కాదు. యూరప్ వాయవ్య తీరాల్లో, నార్వే, స్వీడన్ల నుంచి బ్రిటన్, ఐర్లండ్ మీదుగా ఫ్రాన్స్ దాకా ఉంటుంది. పేరు స్ట్రిగామియా మారిటిమా. 1817లో విలియం ఎల్ఫోర్డ్ లీచ్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త దాన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. సన్నగా, ఎర్రగా ఉంటుంది, బాగా ఎదిగితే సుమారు నాలుగు సెంటీమీటర్లు. మనం దాన్ని తీరపు జెర్రి అందాం. దీనికి చేపల్లా మొప్పలు లేవు, ఈదడానికి పనికొచ్చే అవయవం ఒక్కటీ లేదు. పూర్తిగా నేల మీది జంతువుల వంశం. అయినా సముద్రపు ఒడ్డు వదిలిపెట్టి లోపలి పొలాల్లోకి పోదు. ఎక్కడో స్కాట్లండ్‌లో ఉన్నదాని గురించి కోనసీమలో ఎందుకంటారా? తీరంలో బతికే జెర్రుల్లో ఇంత దగ్గరగా పరిశీలించిన జాతి ఇంకోటి లేదు. దాని బతుకు తెలిస్తే మన ఒడ్డున ఏం చూడాలో, ఎలా చూడాలో తెలుస్తుంది.

ముందు ఒక విషయం తేల్చేద్దాం. జెర్రి అనగానే మనకి గుర్తొచ్చేది పెంటకుప్పల దగ్గర, పెంకుల కింద కనిపించే పెద్ద జెర్రి. కుడితే రాత్రంతా నిద్ర ఉండదు. ఇది ఆ రకం కాదు. మట్టి జెర్రులని వేరే గుంపు ఉంది. తోటలో పాదు తవ్వుతుంటే దారప్పోగులా మెలికలు తిరుగుతూ లోపలికి జారిపోయే సన్నటి జెర్రిని చూసే ఉంటారు, అదే గుంపు. రోకలిబండకీ దీనికీ కూడా పోలిక లేదు. రోకలిబండ కుళ్ళిన ఆకు తింటుంది, ఒక్కో కట్టుకి, అంటే ఒంట్లో కణుపులాంటి ఒక్కో ముక్కకి, రెండేసి జతల కాళ్ళుంటాయి. జెర్రికి ఒక్కో కట్టుకి ఒకటే జత, పైగా అది వేటాడే జంతువు. మట్టి జెర్రులన్నీ గుడ్డివే. ఒక్కదానికీ కళ్ళు ఉండవు.

కళ్ళు లేని వేటగాడు ఎలా వేటాడుతుందో చూడండి. తల ముందు రెండు మీసాలు ఆడుతూ ఉంటాయి. స్పర్శ, వాసన, రుచి అన్నీ వాటితోనే. తల కింద రెండు వంకర కొక్కేలు, వాటి కొనల్లోంచి విషం వస్తుంది. అవి దవడలు కావు. ఒకప్పటి మొదటి జత కాళ్ళే అలా మారాయి. కాలు విషపు కొక్కెంగా మారడం జెర్రుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. సుమారు 42 కోట్ల ఏళ్ళ కిందటి శిలాజాల్లోనే జెర్రులున్నాయి. మన గోదావరి గట్టు మీద ఒక్క చెట్టు కాదు గదా, భూమి మీద అడవులే లేని కాలం అది.

ఇక నడక. పెద్ద జెర్రి కాళ్ళ మీద పరిగెడుతుంది. మట్టి జెర్రి అలా కాదు, వానపాములాగా ఒళ్ళు కుదించి లావై, మళ్ళీ సాగి సన్నబడుతూ సందుల్లోకి దారి చేసుకుంటుంది. లావైన చోట ఒళ్ళు మట్టిని పక్కలకి నెడుతుంది, కాళ్ళు జారిపోకుండా పట్టు ఇస్తాయి. ముందుకి ఎంత సులువుగా పోతుందో వెనక్కీ అంతే సులువుగా పోతుంది. చివరి జత కాళ్ళు నడకకి వాడదు. అవి వెనక వైపు మీసాల్లా తడుముకుంటూ ఉంటాయి. ఇరుకు సందులో తిరగడానికి చోటు దొరకని జీవికి అంతకంటే ఏం కావాలి?

దానికి కావలసిందల్లా సందులు. తీరపు జెర్రి ఎక్కువగా గులకరాళ్ళ గట్ల లోపల, రాతి పగుళ్ళలో, ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళుతున్న సముద్రపు నాచు కింద ఉంటుంది. 1960 ప్రాంతాల్లో లూయిస్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండు దక్షిణ తీరంలో అలాంటి గులకరాళ్ళ గట్టునొకదాన్ని పట్టుకుని, ఏడాది పొడుగునా ఈ జెర్రి ఎక్కడెక్కడ ఉంటోంది, ఎప్పుడు గుడ్లు పెడుతోంది అని ఓపిగ్గా చూశాడు. 1961లో అచ్చయిన ఆ పరిశీలనే ఈ రోజుకీ అందరికీ ఆధారం. పెద్ద యంత్రాలేమీ లేవు. రాళ్ళు తీయడం, చూడటం, రాసుకోవడం, మళ్ళీ రాళ్ళు పెట్టడం. సైన్సు అంటే ల్యాబే అనుకునే పిల్లలకి నేను ఎప్పుడూ ఈ మనిషి గురించి చెబుతాను.

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. ఉప్పు. మాగాయకి మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగుతుంది కదా, ముక్క వడిలిపోతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నేల మీది పురుగుని అందులో పడేస్తే జరిగేది అదే, ఒంట్లో నీరు బయటికి పోతుంది, ఉప్పు లోపలికి వస్తుంది. రెండోది ఊపిరి. జెర్రి ఒంటి పక్కల వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి సన్నటి గొట్టాల ద్వారా గాలి ఒళ్ళంతా అందుతుంది. నీళ్ళలో మునిగితే గాలి రావడం ఆగిపోతుంది. ఈ రెండు గండాలూ రోజుకి రెండు పోట్లలోనూ పొంచి ఉంటాయి.

1963లో బినియన్, లూయిస్ కలిసి ఈ జెర్రినీ, దీని చుట్టమైన హైడ్రోషెండిలా సబ్‌మరీనా అనే ఇంకో తీరపు జెర్రినీ తీసుకుని ఈ విషయమే పరీక్షించారు. రెండూ ఉప్పు నీళ్ళలో మునిగి గంటల తరబడి బతకగలిగాయి, ఒంట్లోని ఉప్పుని అదుపులో పెట్టుకోగలిగాయి. రెండోది మరీ గట్టి పిండం. పోటు వేళ పూర్తిగా నీళ్ళ కింద ఉండిపోయే రాతి పగుళ్ళలో కాపురం. యూరప్ తీరాల్లోనే కాదు, అట్లాంటిక్ మధ్యలో ఉన్న బెర్ముడా దీవుల్లోనూ దొరికింది. అంత దూరం దానంతటది నడిచి పోలేదు గదా! దుంగల మీద, నాచు కుప్పల్లో కొట్టుకుపోయే జీవాలకి సముద్రమే బాట.

మన డెల్టాలో ఉండే పిల్లలకి ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఆ దేశపు జెర్రికి ఉప్పే కష్టం. మన మొగల దగ్గర, అంటే గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, ఉండే జీవానికి ఉప్పుతో పాటు మంచినీళ్ళూ కష్టమే. ఏప్రిల్, మే నెలల్లో ఓడలరేవు దగ్గర వైనతేయలో ఉప్పు నీళ్ళు ఎంత లోపలికి ఎక్కుతాయో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి తెలుసు. అదే ఆగస్టులో భద్రాచలం దగ్గర వరద హెచ్చరిక ఎగరేసిన కొద్ది రోజులకి మొగలో నీళ్ళు ఎర్రగా మారి, ఉప్పదనం పడిపోతుంది. ఒకే చోట ఉండి, ఒకే ఏడాదిలో ఈ రెండూ తట్టుకోవాలి. మన మడ అడవిలో పీతకైనా నత్తకైనా అదే పరీక్ష.

తిండి సంగతి. తీరపు జెర్రి సముద్రాన్ని భరించేది ఊరికే కాదు, అక్కడ తిండి ఉంది. కుళ్ళే నాచు కింద గెంతే చిన్న చిన్న పురుగులు లెక్కలేనన్ని. అవి రొయ్యల జాతివి, ఇసుక మీద గెంతుతాయి. మన ఒడ్డున కూడా తడి చెత్త కదిపితే అలా గెంతేవి కనిపిస్తాయి. రాళ్ళకి అతుక్కున్న చిన్న నత్తలనీ, బార్నకిల్ గుల్లలనీ కూడా ఈ జెర్రి తింటుంది. బార్నకిల్ అంటే పడవ అడుగున, రేవు గుంజలకీ గరుగ్గా పట్టేసే తెల్లటి గుల్ల. మన మత్స్యకారులు పడవ ఒడ్డుకి లాగి గోకేది దాన్నే. అంత గట్టి గుల్లలో ఉన్న జీవిని ఈ సన్న జెర్రి తినడం గురించి 1957లో బ్లోవర్ అనే ఆయన నేచర్ పత్రికలో రాశాడు. ఒక్కోసారి ఒకే ఆహారం మీద నాలుగైదు జెర్రులు చేరి తింటాయి. నేల మీది జంతువు ఒకటి సముద్రపు జంతువుని తిని బతుకుతోంది. సముద్రపు తిండి నేలలోకి చేరే దారుల్లో అదొకటి.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది.

వేసవి మొదట్లో, అంటే వాళ్ళకి మే, జూన్ నెలల్లో, తల్లి జెర్రి గట్టులో ఒక గూడులాంటి ఖాళీ చూసుకుని గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరంత, తెల్లటి ముత్యంలా ఉంటుంది. వాటిని ఒక ముద్దగా చేర్చి, తను చుట్ట చుట్టుకుని మధ్యలో పెట్టుకుంటుంది. ఎలా చుట్టుకుంటుందో చూడండి, బొమ్మ వేస్తాను. వీపు లోపలి వైపు, గుడ్లకి ఆనుకుని. కాళ్ళు, పొట్ట బయటి వైపు. మనమైతే బిడ్డని పొట్టకి హత్తుకుంటాం, ఇది వీపుకి హత్తుకుంటుంది. దీని పొట్ట వైపు గ్రంథులుంటాయి, శత్రువు వస్తే వాటిలోంచి బంకలాంటి ద్రవం వస్తుంది. పొట్ట బయటికి ఉంటే ఆ ద్రవం గుడ్లకి అంటదు, వచ్చినవాడికే అంటుతుంది. మట్టి జెర్రుల్లోనే మెసిస్టోసెఫాలస్ అనే ఇంకో ప్రజాతి ఉంది. మన దేశంలో బాగా కనిపిస్తుంది. తల పొడుగ్గా, ముదురు రంగులో ఉంటుంది. ఆ కుటుంబంలో తల్లి సరిగ్గా తిరగేసి, పొట్ట లోపలికి పెట్టి గుడ్లని పొదువుకుంటుంది. కాబట్టి ఎప్పుడైనా దుంగ కింద చుట్ట చుట్టుకున్న సన్న జెర్రి కనిపిస్తే, కాళ్ళు లోపలికున్నాయా బయటికున్నాయా అన్నది ముందు చూడండి. చెయ్యి పెట్టకుండానే ఏ వైపు బంధువో సగం తెలిసిపోతుంది.

ఆ గుడ్లు ఎదగడానికి ఎంతకాలం పడుతుందో తెలుసా? 13 డిగ్రీల వేడిలో సుమారు 48 రోజులు. ఇప్పుడు మన మత్స్యకారుల లెక్క వేయండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి నవమి రోజుల్లో చిన్నది. అందుకే ఒడ్డున ఒక గీత కాదు, పైనొకటి కిందొకటి గీతలు కనిపిస్తాయి. 48 రోజులంటే కనీసం మూడు పెద్ద పోట్లు వచ్చి పోతాయి. తల్లి జెర్రి అష్టమి నాటి గీత చూసుకుని అక్కడ గుడ్లు పెడితే వారం తిరక్కుండా సముద్రం పట్టుకుపోతుంది. మరీ పైకి పోతే గట్టు ఎండిపోయి గుడ్లు ఎండిపోతాయి. తడి ఉండాలి, కానీ అల కొట్టకూడదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా ఐదారు మీటర్లు ఉంటుంది. మన కాకినాడ దగ్గర రెండు మీటర్ల లోపే. కానీ మన ఒడ్డు వాలు తక్కువ కాబట్టి ఆ కొద్ది ఎత్తే ఎంతో వెడల్పున పాకుతుంది. ఆ వెడల్పులో పనికొచ్చే పట్టీ ఎంత సన్నదో ఆలోచించండి. కళ్ళు లేని తల్లి ఆ పట్టీని పట్టుకుని, తిండి మానేసి, వారాల తరబడి కదలకుండా పడుంటుంది. రాయి ఎత్తి గూడు కదిపామంటే గుడ్లు వదిలేసి పోవచ్చు, తినేయనూ వచ్చు. పొదిగాక పిల్లలు మొదట పాలలా తెల్లగా, నడవలేకుండా ఉంటాయి. కొంత ఎదిగి వాటంతట అవి తిరిగేదాకా తల్లి చుట్ట విప్పదు.

ఆ పిల్లకి పుట్టుకతోనే అన్ని కాళ్ళూ ఉంటాయి. తర్వాత ఎన్నిసార్లు కుబుసం విడిచినా ఒక్క జత కూడా పెరగదు. ఇంట్లో సాధారణంగా కనిపించే పొడుగు కాళ్ళ జెర్రి అలా కాదు, పుట్టినప్పుడు తక్కువ కాళ్ళతో పుట్టి, పెరుగుతూ కాళ్ళు పెంచుకుంటుంది. వేయి కాళ్ళ జెర్రి అంటాం గానీ, మట్టి జెర్రుల్లో లెక్క 27 జతల నుంచి 191 జతల దాకా ఉంటుంది. తీరపు జెర్రికి ఎక్కువగా 47, 49, అలా. మగదానికంటే ఆడదానికి సాధారణంగా రెండు జతలు ఎక్కువ. ఇందులో ఒక విచిత్రం గమనించారా? 27, 47, 49, 191. అన్నీ బేసి సంఖ్యలే. 48 జతలది వెతికితే దొరకదు. ఎందుకలా అన్నది చాలాకాలం పెద్ద చిక్కుముడి. 2004లో చిప్‌మన్, ఆర్థర్, ఏకమ్ అనే శాస్త్రవేత్తలు ఈ జెర్రి పిండంలోనే దానికి ఒక ఆధారం పట్టుకున్నారు. పిండంలో కట్లు చాలా వరకు రెండేసి చొప్పున జంటలుగా ఏర్పడుతున్నాయి. జంటలైతే సరి సంఖ్య రావాలి గదా అంటారు. కాళ్ళ కట్లకి ముందున్న విషపు కొక్కేల కట్టుని కూడా లెక్కలో వేయండి, సరి అవుతుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, బ్రిటన్‌లో ఉత్తరానికి పోయేకొద్దీ ఇదే జాతికి కాళ్ళ జతలు సగటున తగ్గుతాయి. కెటిల్, ఆర్థర్ 2000లో చూపించారు. పిండం ఎదిగేటప్పుడు వెచ్చగా ఉంటే కట్లు కొంచెం ఎక్కువ వస్తాయని తర్వాత ప్రయోగాల్లో తేలింది. మన మెసిస్టోసెఫాలస్ జాతుల్లో చాలావాటికి మాత్రం చలీ ఎండా ఏమీ లేదు, ఆడకీ మగకీ ఖచ్చితంగా 49 జతలు. ఒకే వంశంలో ఒకరు వాతావరణాన్ని బట్టి మారతారు, ఇంకొకరు మొండిగా ఒకే లెక్క మీద నిలబడతారు. ఇంటర్ పిల్లలు డార్విన్ పాఠంలో వైవిధ్యం అనే మాట బట్టీ పడతారు. ఇదిగో, వైవిధ్యం అంటే ఇదే, కాళ్ళు లెక్కపెట్టి చూడొచ్చు.

స్కాట్లండ్ ఈశాన్య తీరంలో బ్రోరా అనే చిన్న ఊరుంది. అక్కడి ఒడ్డున తీసిన గుడ్లతోనే ఈ పిండాల పరిశోధన చాలావరకు జరిగింది. 2014లో ఈ జెర్రి జన్యు సమాచారం మొత్తం ప్రచురించారు. జెర్రులు, రోకలిబండల వర్గం మొత్తంలో అదే మొదటిది. సుమారు 15,000 జన్యువులు. కళ్ళు పోయిన జంతువు కాబట్టి చూపుకి పనికొచ్చే కాంతి గ్రాహకాల జన్యువులు లేవు. అంతేకాదు, పగలూ రాత్రీ లెక్క కట్టే ఒంటిలోని గడియారపు జన్యువులు కూడా లేవు. అయినా వెలుతురు పడితే మాత్రం తప్పుకుని చీకట్లోకే పోతుంది. రాళ్ళ కింద బతికేదానికి సూర్యోదయంతో ఏం పని చెప్పండి.

సరే, మన ఒడ్డుకి వద్దాం. ఆ జెర్రికి రాళ్ళు, గులకలు, పగుళ్ళు కావాలన్నాను. మన డెల్టాలో రాయి ఎక్కడుంది? కోనసీమలో రాయి కావాలంటే ఎగువ నుంచి లారీలో రావాలి. ఇక్కడున్నదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. మరి సందులు ఎక్కడ దొరుకుతాయి? తిల్ల చెట్టు, మడ చెట్టు కూలి పడితే ఆ దుంగ బెరడు కింద దొరుకుతాయి. కొబ్బరి డొక్క పీచులో, తాటి మొద్దులో దొరుకుతాయి. ఆల్చిప్పలు పట్టేసిన రేవు గుంజల్లో, పాత పడవ చెక్కల మధ్య దొరుకుతాయి. వరదకి వచ్చి ఇసుకలో సగం పూడిన చెట్టు మొదళ్ళలో దొరుకుతాయి. రాయి లేని తీరంలో చెట్టే రాయి పని చేస్తుంది. అందుకే నేను ఆ చెత్త వరసని చెత్త అనలేను. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, దాన్ని కాపాడుకోవాలని 1978 నుంచీ చట్టం ఉంది, మంచిది. ఆ మడ అడవి ఆకు, పుల్ల, దుంగ సముద్రంలోకి పోయి, తిరిగి ఒడ్డుకి చేరే ఈ పట్టీకి మాత్రం బోర్డు లేదు, కంచె లేదు, అడిగేవాడు లేడు.

దాని మీద మనం ఏం చేస్తున్నామో చెప్పక తప్పదు. పండగ వస్తే, పెద్దవాళ్ళు ఎవరైనా వస్తే బీచ్ శుభ్రం చేస్తారు. ట్రాక్టరుకి పళ్ళచట్రం కట్టి ఒడ్డంతా గీకేస్తారు. ప్లాస్టిక్ పోవాలి, వల ముక్కలు పోవాలి, థర్మాకోల్ పోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు, తాబేళ్ళు ఆ వల ముక్కల్లో చిక్కుకుని చస్తున్నాయి. కానీ ట్రాక్టరు ప్లాస్టిక్‌ని వేరుగా, కుళ్ళిన ఆకుని వేరుగా ఏరదు. మొత్తం లాగేస్తుంది. గెంతే పురుగులు పోతాయి, వాటి కోసం వచ్చే ఉల్లంకి పిట్టలకి తిండి పోతుంది, ఎర్ర పీతల బొరియలు కూలిపోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఆ పై ఇసుకలోనే. నా మాట ఒకటే. చేత్తో ఏరండి. మనిషి చేసింది తీసేయండి, చెట్టు రాల్చింది వదిలేయండి.

ఇంకోటి, గోడలు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసేస్తుంటే రాళ్ళు పోయక ఏం చేస్తారు? ఇళ్ళు పోయినవాళ్ళ ముందు నిలబడి జెర్రి గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు. కానీ కోత లేని చోట కూడా ఒడ్డు అందంగా ఉండాలని కాంక్రీటు మెట్లు కట్టడం వేరే సంగతి. పోటు గీతకి వెనక్కి జరగడానికి చోటుండాలి. ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకి చేరే మట్టి తగ్గింది, ఒడ్డు చాలాచోట్ల లోపలికి జరుగుతోంది. ఇటు గోడ, అటు సముద్రం ఉంటే మధ్యలో ఆ పట్టీ నలిగి మాయమైపోతుంది.

కాసేపు టైముంది, ప్రశ్నలు అడగండి.

*సార్, ఇది చెవిలో దూరుతుందంటారు, నిజమేనా?*

చెవిలో దూరాలని ఏ జెర్రీ బయల్దేరదమ్మా. నేల మీద పడుకుంటే ఏ పురుగైనా పొరపాటున దూరవచ్చు, అందులో ఇదీ ఒకటి కావచ్చు. దూరిందనుకో, పుల్ల పెట్టి కెలకొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. సన్నటి మట్టి జెర్రి కొక్కేలు మన చర్మాన్ని ఏమీ చేయలేవనే చెప్పాలి. పెద్ద జెర్రిని మాత్రం ముట్టుకోవద్దు.

*చీకట్లో మెరిసే జెర్రి ఉంటుందని మా తాతయ్య చెబుతాడండి.*

మీ తాతయ్య చెప్పింది నిజం బాబూ. ఆర్ఫ్నియస్ బ్రెవిలాబియేటస్ అని మట్టి జెర్రి, మన దేశంతో సహా ఉష్ణదేశాలన్నిటా ఉంటుంది. కదిపితే పొట్ట వైపు గ్రంథుల్లోంచి వచ్చే ద్రవం పచ్చగా వెలుగుతుంది, అది పాకిన దారి కూడా కాసేపు మెరుస్తుంది. ఇందాక చెప్పానే, పొట్ట వైపు గ్రంథులని, అవే. తాతయ్య ఏ నెలలో, ఎక్కడ చూశాడో అడిగి రాసుకో. ఆ వివరం చాలా విలువైనది.

*మన ఒడ్డున చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలి సార్?*

పాటు వేళ, ఎండ ఎక్కకముందు వెళ్ళండి. మత్స్యకారుల్ని అడిగితే తిథి చూసి ఏ గంటకి పాటో చెప్పేస్తారు. అమావాస్య గీత దగ్గర మొదలుపెట్టండి, కింద తడి ఉన్న దుంగని ఒక పక్క నుంచి మాత్రమే ఎత్తండి, ఫోటో తీయండి, దుంగని ఎలా ఉందో అలా పెట్టేయండి. గుడ్లతో ఉంటే వెంటనే మూసేయండి. ఫోటోలో పక్కన స్కేలు ఉండాలి, చోటు పేరు, తేదీ, పోటు గీతకి ఎంత దూరమో రాయాలి. పట్టి తేవద్దు. కాళ్ళ జతలు ఫోటో పెద్దది చేసుకుని ఇంట్లో లెక్కపెట్టుకోవచ్చు.

*సరి సంఖ్య కాళ్ళున్నది ఎప్పుడూ దొరకలేదా సార్?*

80 జతలున్న ఒక మట్టి జెర్రి నమోదైంది. అది తీరపు జెర్రి కాదు, యూరప్‌లోనే ఇంకో జాతిది. దాని ఒంట్లో కట్లు సరిగ్గా ఏర్పడలేదు, అందుకే లెక్క తప్పింది.